కల్వర్టు దగ్గర ఇసుక

17 నవంబరు 2002, ఆదివారం

బండి జారింది. మదనపల్లెలో వెంకటరమణప్ప రిటైర్మెంటు విందు చూసుకుని తిరిగొస్తుంటే, పుంగనూరు ఇంకాస్త దూరం ఉందనగా, కల్వర్టు దగ్గర ఇసుక. మునిమాపు వేళ కాబట్టి కనబడలేదు. తల వెనకపక్క రోడ్డుకు కొట్టుకుంది. కుట్లు వేశారు. రోడ్డు పని చేసేవాళ్ళు పని అయ్యాక ఇసుక ఎత్తకుండా పోతారు, పడేవాడు పడతాడు. వీళ్ళ మీద పెట్టడానికి ఒక సెక్షన్ ఉంటే బాగుండు.

మా ఆవిడ ఇందిరమ్మ ఏమీ అడగలేదు. రక్తం అంటిన చొక్కా తీసుకెళ్ళి బక్కెట్లో నానబెట్టింది.

20 నవంబరు

కాఫీ వేడినీళ్ళలాగా ఉంది. జలుబు చేసినట్టుంది.

స్టేషన్ నుంచి కానిస్టేబుళ్ళు చూడ్డానికి వచ్చారు. కొత్తగా చేరిన ప్రదీప్ నోరు ఊరుకోదు. తలకాయకు ఏమైనా పర్వాలేదు సార్, ముక్కు బాగుండాది కదా, అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. గోవిందస్వామి అని మా నాయన పెట్టిన పేరు సర్వీసు రిజిస్టరులో తప్ప ఎక్కడా మిగల్లేదు. జీపు డ్రైవర్లందరికీ నేను ముక్కుసామినే.

ఆ పేరు కుప్పంలో వచ్చింది. మద్యనిషేధం ఉన్న రోజుల్లో అక్కడి చెక్‌పోస్టులో వేశారు నన్ను. కర్ణాటక సారాయి ప్యాకెట్లు పనసకాయల లారీలో దాచుకొస్తే, లారీ పూర్తిగా ఆగకముందే లోపల సరుకు ఉందని చెప్పాను. పుంగనూరుకు వచ్చాక డ్రైవర్లు నీలగిరి ఆకు నమిలినా, పచ్చి ఎర్రగడ్డ కొరికినా నా ముందు సాగలేదు. అరచెయ్యి దొన్నెలా చేసి వాళ్ళ నోటిముందు పెడతాను, ఊదమంటాను, ఆ చెయ్యి నా ముక్కు దగ్గర పెట్టుకుంటాను. వాసన వస్తే ఆసుపత్రికి, డాక్టరు సర్టిఫికెట్టుకు. రాకపోతే పొమ్మంటాను. ఊదించే మిషన్ ఒకటి ఉందని వినడమే గాని మా కంటికి ఆనలేదు. మా స్టేషనుకు మిషన్ నేనే.

24 నవంబరు

పాలు మాడిపోయాయి. నేను వంటింటి గడప దగ్గరే కూర్చుని పేపరు చదువుతున్నాను. ఇందిరమ్మ పెరట్లోంచి పరిగెత్తుకొచ్చి స్టవ్ ఆపింది. ఈడే కూసోని ఉండావు, తెలీలేదా అని అడిగింది. పేపర్లో పడిపోయానన్నాను. ఆమె కాసేపు నా మొహం వైపే చూసి గిన్నె తోముకోను పోయింది.

ఆమె అటు పోగానే ఇంగువ డబ్బా మూత తీసి ముక్కుకు ఆనించుకున్నాను. కిరసనాయిలు సీసా తీశాను. తలనొప్పి మందు ముక్కు కింద రుద్దుకున్నాను. కళ్ళు మండాయి, నీళ్ళు కారాయి. వాసన మాత్రం లేదు.

జలుబు ముదిరితే ఇట్లాగే ఉంటుంది.

28 నవంబరు

కుప్పం పోయి వచ్చాను. మదనపల్లెలో మంచి డాక్టర్లే ఉన్నారు గాని అక్కడ నన్ను ఎరగనివాళ్ళు లేరు. కుప్పంలో నన్ను ఎరిగినవాళ్ళు పోలీసులు, దొంగలు. డాక్టర్లు ఎరగరు. పంచె కట్టుకుని పోయాను.

డాక్టరమ్మ చిన్నపిల్ల. తమిళం కలిసిన తెలుగు. తల వెనక తగిలిన దెబ్బకు మెదడు ముందుకు ఊగి, ముక్కులోకి దిగే సన్నని నరాలు తెగిపోతాయంట. కొందరికి తిరిగి వస్తుంది, చాలామందికి రాదు అంది. పడినప్పుడు తాగి ఉన్నారా అని అడిగింది. ఏం ప్రశ్న అది. లేదమ్మా, ఇసుక ఉన్నింది అన్నాను. ఏం పని చేస్తారంటే సేద్యం అని చెప్పాను.

‘అయితే పెద్ద ఇబ్బంది లేదు. గ్యాసు దగ్గర మాత్రం జాగ్రత్త’ అంది.

2 డిసెంబరు

డ్యూటీలో చేరాను. ఎస్సై గారికి చెప్పాలి. ఈరోజు ఆయన పెళ్ళికి పోయే తొందరలో ఉన్నారు.

చెబితే ఎలా పోయిందని అడుగుతారు. ఇసుక అని చెప్పొచ్చు. కానీ విందులో నా పక్కన కూర్చున్నవాళ్ళు ఇద్దరు ఇదే స్టేషన్లో ఉన్నారు. వాళ్ళు చెప్పరు, మంచివాళ్ళు. అయినా నవ్వుకుంటారు.

అసలు ముక్కు లేకపోతే నేనెవరిని? ఒట్టి హెడ్ కానిస్టేబుల్ని. పొట్ట వచ్చింది, పరిగెత్తలేను, ఇంగ్లీషులో రిపోర్టు రాయలేను. ఆ అరచెయ్యి చాపినప్పుడు మాత్రమే రోడ్డు మీద నాకొక విలువ. తిరిగి వస్తుందని డాక్టరమ్మే చెప్పింది కదా. కొందరికి వస్తుందని.

9 డిసెంబరు

ఈరోజు ఒకణ్ణి పట్టాను. బైరెడ్డిపల్లె లారీ. దిగేటప్పుడు మెట్టు తప్పి తలుపు పట్టుకుని వేలాడాడు. అరచెయ్యి చాపాను, ఊదించాను, మామూలుగానే కళ్ళు మూసుకుని తల ఊపాను. ఆసుపత్రికి తీసుకుపోతే డాక్టరు కూడా తాగినట్టే రాసిచ్చాడు. ప్రదీప్ నోరు తెరుచుకుని చూశాడు.

కళ్ళు ఎర్రగా ఉన్నాయా, నాలుక మడత పడుతుందా, కాలు ఎక్కడ పెడుతున్నాడు, ఇవన్నీ చూస్తే చాలు. ఇన్నేళ్ళ అనుభవం ముక్కులో ఒక్కదాంట్లోనే ఉంటుందా ఏం.

20 డిసెంబరు

సాయంత్రం పలమనేరు రోడ్డులో చెకింగ్. కేసులేమీ లేవు.

21 డిసెంబరు

కబురు నిన్ననే వచ్చింది. నిన్న రాయలేదు.

మనుషుల్ని ఎక్కించుకుని చెకింగ్ దాటిపోయిన మునిచంద్ర జీపు పెద్దపంజాణి దగ్గర మలుపులో సైకిలును కొట్టింది. ఎస్సై గారితో పాటు నేనూ పోయాను. రోడ్డంతా దూది. కంపచెట్ల మీద దూది, జీపు టైర్ల కింద దూది, అందులో ఎర్రగా తడిసింది కొంత. సైకిలు మీద పోతున్నది పరుపులు కుట్టే యాకూబ్. వెనక దూది మూట కట్టుకుని ఊరూరూ తిరిగి అక్కడే వసారాల్లో కూర్చుని పరుపులూ దిండ్లూ కుట్టి ఇస్తాడు. నేను పడుకునే పరుపు అతను కుట్టిందే. మదనపల్లె ఆసుపత్రికి తీసుకుపోయారు. కుడికాలు మోకాలి దాకా తీసేయాల్సి వచ్చింది.

మునిచంద్ర జీపు వదిలేసి పరిగెత్తాడు. ఇది డ్రైవర్లందరికీ తెలిసిన ఉపాయమే. ఒంట్లో మందు దిగేదాకా దొరకరు, దిగాక ఓనరే తెచ్చి అప్పజెబుతాడు.

అయినా మునిచంద్ర తాగి లేడు. నేను ఊదించే పంపాను.

22 డిసెంబరు

ఓనరు తెచ్చి అప్పజెప్పాడు. స్నానం చేసి, బొట్టు పెట్టుకుని వచ్చాడు మునిచంద్ర. డాక్టరు చూస్తే ఏమీ లేదు. ముక్కుసామి సారే ఊదిచ్చి పంపినాడు, ఆయన్నే అడగండి అని ఎస్సై గారితో చెప్పాడంట. నన్ను చూసినప్పుడు మాత్రం తల వంచుకున్నాడు.

ఎస్సై గారికి ఆ మాట హాయిగా ఉంది. తాగినవాణ్ణి మన స్టేషనే పట్టుకుని వదిలేసిందని పేపర్లో రాకూడదు కదా. సైకిలువాడు మూట బరువుకు తూలి జీపుకు అడ్డం వచ్చాడని మునిచంద్ర చెబుతున్నాడు, అది కూడా రాసుకున్నారు. నన్ను కూర్చోబెట్టి, మీరు చూసింది మీరు రాయండి అన్నారు.

రాశాను. ఊదించి చూశాను, మద్యం వాసన రాలేదు అని రాశాను. అది అబద్ధం కాదు.

29 డిసెంబరు

మదనపల్లె పోయి యాకూబ్‌ను చూసి వచ్చాను. పోకుండా ఉండాల్సింది.

నన్ను చూడగానే మంచం మీదే కొంచెం లేచి సలాం చెప్పబోయాడు. వద్దన్నా చెప్పాడు. అతని భార్య కమరున్నీసా స్టూలు నాకిచ్చి తను నిలబడింది. కాలు ఉండాల్సిన చోట దుప్పటి చదునుగా ఉంది. అటు చూడకూడదనుకుంటే అటే పోతున్నాయి కళ్ళు.

ఎలా జరిగిందని అడిగాను. నాకేమీ గుర్తు లేదన్నాడు. వెనకనుంచి శబ్దం వచ్చింది, అంతే. తర్వాత నా చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగాడు.

‘మీరు ఊదిచ్చి పంపినారంట కదా సార్ ఆ డ్రైవర్ని?’

అవునన్నాను.

‘మీరు సూసినారంటే వాడు తాగుండడు. అయితే నేనే అడ్డం పొయ్యుండాల. మూట బరువుగా ఉన్నింది. గాలి కూడా కొట్టింది.’

కమరున్నీసా మొహం తిప్పుకుంది. జీపులో ఆడవాళ్ళకు దెబ్బలు తగిలినాయా అని తెలివి వచ్చినప్పటినుంచీ అదే అడుగుతున్నాడని చెప్పింది. ఇద్దరికి తగిలినా పెద్దవి కావన్నాను. దానికే అతను కళ్ళు తుడుచుకున్నాడు.

వార్డు దాటి వరండా పొడుగునా నడిచి బయటికి వచ్చాను. ఆసుపత్రి వాసన కూడా రాలేదు నాకు.

3 జనవరి 2003

తర్వాత తాగి ఉంటాడు. చెకింగ్ దాటాక ఎక్కడో ఆపి తాగి ఉంటాడు.

4 జనవరి

తర్వాతే తాగి ఉంటాడు. సీటు కింద సారాయి ప్యాకెట్లు పెట్టుకుని తిరగనివాడు ఎవడు?

7 జనవరి

ఇప్పుడు చెకింగులో అందరినీ ఆసుపత్రికి పంపుతున్నాను. ఊదినవాడు ఊదినట్టే జీపెక్కాలి. ఈరోజు సోమల హైస్కూల్లో పనిచేసే అయ్యవారిని పంపాను. ఆయన జీవితంలో తమలపాకు కూడా వేసుకున్న మనిషి కాదంట. డాక్టరు ఫోన్ చేసి, మీ హెడ్డుకు ఏమైంది, జలుబు చేసిందా అని ఎస్సై గారిని అడిగాడు. ఎస్సై గారు పిలిచి, పెద్దపంజాణి విషయం మనసులో పెట్టుకోవద్దు, మీ తప్పేమీ లేదు అని చెప్పారు. అంత మంచిగా చెబుతుంటే ముక్కు సంగతి కాక వేరే మాట చెప్పాను.

మెడనొప్పి అని చెప్పి స్టేషన్ పనికి మార్చమన్నాను. మార్చారు.

19 జనవరి, ఆదివారం

కూరగాయల మార్కెట్లో రాజమ్మ కనబడింది. పెద్దపంజాణి నుంచి రోజూ గంపతో వస్తుంది, వంకాయలు, చిక్కుడుకాయలు. ఆ రోజు జీపులో ముందు సీట్లో, మునిచంద్ర పక్కన కూర్చున్నది ఆమే అని నాకు తెలుసు. తెలిసే ఇన్నాళ్ళూ ఆ వరసలోకి పోలేదు. ఈరోజు కాళ్ళు వాటంతట అవే పోయాయి.

జీపు మధ్యలో ఎక్కడైనా ఆపాడా అని అడిగాను. యాడా ఆపలేదు అంది. వంకాయలు తూకం వేస్తూ నా వైపు చూడకుండా చెప్పింది.

‘మీరు ఊదిచ్చినప్పుడు నేను వాని పక్కనే కూసోనుంటి సార్. సారాయి కంపు. దిగిపోదామని గంప ఎత్తుకుంటి. మీరు పొమ్మన్యారు. సారే పొమ్మన్యాక నాదే పొరపాటు అనుకోని మళ్ళా కూసుంటి.’

సైకిలు అడ్డం వచ్చిందా అని అడిగాను.

‘ఆయప్ప రోడ్డు ఓరనే పోతాండాడు. వీడే తిప్పినాడు.’

ఆ మాట ఎస్సై గారికి చెప్పొచ్చు కదా అంటే ఇప్పుడు నా కళ్ళలోకి చూసింది. పోలీసోళ్ళే వాసన లేదని రాసినాక, నేను ఉండాది అంటే ఎవురు నమ్ముతారు అంది. వంకాయలు సంచిలో పోసి ఇచ్చింది. ఇంటికి తెచ్చాక తెలిసింది, మంచివి ఏరి వేసింది.

20 జనవరి

రాయాలి. ఇక్కడైనా రాయాలి.

మునిచంద్ర ఊదాడు. అరచేతికి వెచ్చగా తగిలింది, అంతే. పొద్దు అతని వెనకనుంచి పడుతోంది, మొహం మబ్బుగా ఉంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయో లేదో తెలియలేదు. దిగి నడవమనాల్సింది. వెనక వాహనాలు ఆగిపోయి హారన్లు కొడుతున్నాయి. ప్రదీప్ నా పక్కనే నిలబడి నేనేం చెబుతానా అని చూస్తున్నాడు. ఒక ఆడమనిషి గంప ఎత్తుకుంటోంది. అది కూడా చూశాను. ఎందుకు ఎత్తుకుంటోందో ఆలోచించలేదు. ఏదో ఒకటి చెప్పాలి కదా. పొమ్మన్నాను.

జీపులో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు. తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే, అందరూ నమ్మింది కూడా నన్నొక్కణ్ణే.

21 జనవరి

ఎస్సై గారి గదిలోకి పోయాను. ఆయన చార్జిషీటు అయిపోయిందన్నారు. మీ ముక్కు గొప్పతనం గురించి డీఎస్పీ గారికి కూడా చెప్పాను, ఆయన నవ్వారు అన్నారు. నేనూ నవ్వి బయటికి వచ్చాను.

బండి పడినరోజు కల్వర్టు దగ్గర ఇసుక ఉంది. నేను చూశాను.

11 జులై 2004, ఆదివారం

ఏడాదిన్నర అయింది ఇందులో రాసి. రాయకపోతే ఏమీ జరగనట్టు ఉంటుందనుకున్నాను. కొంతకాలం అట్లాగే ఉండింది కూడా.

స్టేషనుకు మిషన్ వచ్చింది. గొట్టం ఉంటుంది, అందులో ఊదాలి, అంకె వస్తుంది. ప్రదీప్ దాన్ని చంటిబిడ్డలా మోసుకు తిరుగుతున్నాడు. మీకు కూడా పింఛను ఇచ్చేసినారు సార్ అని నా ముక్కు చూపించి నవ్వాడు. నాకు మాత్రం ఆ మిషన్ను చూస్తే కోపంగా ఉంది. నా చోటు తీసుకుందని కాదు. ఇంత ఆలస్యంగా వచ్చిందని.

కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. యాకూబ్ కేసు. సాక్షిని నేను.

14 జులై

యాకూబ్ స్టేషనుకు వచ్చాడు. చంకకర్ర గుమ్మానికి ఆనించి, గోడ పట్టుకుని నిలబడి సలాం చెప్పాడు. కూర్చోమంటే బెంచీ మీద చివర కూర్చున్నాడు. ఇప్పుడు ఊళ్ళు తిరగలేడు. దూది ఏకే పని ఇంట్లోనే, మూట నెత్తిన పెట్టుకుని కమరున్నీసా తిరుగుతోంది.

వచ్చిన పని మెల్లగా చెప్పాడు.

‘కోర్టులో నన్ను అడిగితే నేనే అడ్డం పోయినా అని సెప్పేస్తా సార్. మీ అట్లాటి మనిషిని వకీలు నిలబెట్టి అదీ ఇదీ అడగడం యాల? జరిగింది జరిగిపాయ.’

అతనికి నా మీద జాలి. ఒక కాలు పోయిన మనిషి, నాకు కోర్టులో మాట పడుతుందేమోనని ఎండలో ఇంత దూరం వచ్చాడు. టీ తెప్పించాను. ఆ గ్లాసు పట్టుకుని అతను తాగినంతసేపు నేను ఫైలులో తల పెట్టుకుని కూర్చున్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను అని రాస్తే కూడా అది పెద్ద మాటే అవుతుంది. చావలేదు కదా. సాయంత్రం ఇంటికి వచ్చి అన్నం తిన్నాను.

అట్లా చెప్పొద్దు అని మాత్రం అన్నాను. ఎందుకో చెప్పలేదు.

18 జులై

ఇందిరమ్మకు చెప్పాను. ముక్కు పోయిన సంగతి, కుప్పం డాక్టరమ్మ, మునిచంద్ర, అన్నీ. బియ్యం ఏరుకుంటూ వింది. ముక్కు సంగతి పాలు మాడిన రోజే తెలుసంది. కోర్టులో చెబితే ఉద్యోగం పోతుందేమో, పోకపోయినా సస్పెన్షను ఖాయం అన్నాను. అదీ వింది. ఎలా పోయిందని జడ్జి అడుగుతాడు, కల్వర్టు దగ్గర ఇసుక ఉన్నిందని చెబుతాను అన్నాను. అప్పుడు చాట కింద పెట్టింది.

‘ఇసుక యాడిదయ్యా? ఆ సొక్కా ఉతికింది నేను. రెండుతూర్లు సబ్బు పెట్టినా బ్రాంది వాసన పోలేదు. నీకు ముక్కు పోతే ఇంట్లో అందరికీ పోయిందనుకుంటివా?’

ఇన్నాళ్ళూ ఎందుకు అడగలేదంటే, నువ్వే సెప్తావని సూస్తాంటి అంది. చాట మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది.

19 జులై

ఇసుక లేదు.

20 జులై

విందులో తాగాను. అందరూ తాగారు, నేను ఎక్కువ తాగాను. వెంకటరమణప్పే బస్సులో పొమ్మన్నాడు. ముక్కుసామిని ఆపేవాడెవడు అని నేనే అందరినీ నవ్వించి బండి ఎక్కాను. రోడ్డు శుభ్రంగా ఉంది. మునిమాపు కాలేదు, ఇంకా ఎండ ఉంది. కల్వర్టు గోడ మీద ఒక గొర్రెలకాపరి కూర్చుని ఉన్నాడు, అతనే లేపి కూర్చోబెట్టాడు. నా నోటిదగ్గర మొహం తిప్పుకున్నాడు. అది ఇప్పటికీ గుర్తుంది.

అందరినీ ఆపాను. నన్ను ఆపలేదు ఎవరూ. ఆపి ఉంటే, ఎవరో ఒక హెడ్డు అరచెయ్యి చాపి నన్ను ఊదమని ఉంటే, యాకూబ్‌కు ఈరోజు రెండు కాళ్ళూ ఉండేవి.

22 జులై, గురువారం

కోర్టు.

మునిచంద్ర తరఫు వకీలు నన్ను నిలబెట్టి, నా గురించి నాకే చెప్పాడు. కుప్పం పనసకాయల లారీ కథ కూడా తెలుసు ఆయనకు. ఈ చుట్టుపక్కల ఇంతటి ముక్కు ఇంకొకటి లేదని ప్రసిద్ధి, అవునా అని అడిగాడు. అవునన్నాను. ఆ రోజు నా కక్షిదారు నోట మద్యం వాసన రాలేదని మీరే రాశారు, అవునా? అవునన్నాను. ఆయన ఇక కూర్చోబోయాడు.

‘నాకు ఏ వాసనా రాదు సార్. అప్పటికే నెల దాటింది రాక’ అన్నాను.

జడ్జి గారు మళ్ళీ చెప్పమన్నారు. మళ్ళీ చెప్పాను. కుప్పం డాక్టరమ్మ సంగతి, అబద్ధంగా కళ్ళు మూసుకుని తల ఊపడం, గంప ఎత్తుకున్న రాజమ్మ, అన్నీ చెప్పాను. రాజమ్మ చెప్పింది కూడా చెప్పాను. మా ఎస్సై గారు వెనక వరసలో ఉన్నారు, ఆయన బూట్ల శబ్దం బయటికి పోవడం వినబడింది. ముక్కు ఎలా పోయిందని వకీలు అరవకుండానే, మెత్తగా అడిగాడు. ఇసుక అని చెప్పడానికి అది ఆఖరి చోటు. తాగి బండి నడుపుతూ పడ్డాను అన్నాను. ఇంతకాలం ఎందుకు దాచారు అన్నాడు. సిగ్గు అన్నాను.

రాజమ్మను పిలిపించమని జడ్జి గారు రాయించి వాయిదా వేశారు. నా మీద పై అధికారులకు రాస్తామన్నారు. రాయనీ.

బయట వరండా మెట్ల దగ్గర యాకూబ్ కూర్చుని ఉన్నాడు. కమరున్నీసా పక్కనే నిలబడి ఉంది. నేను ముందుకు పోయి నిలబడ్డాను. తిట్టినా కొట్టినా పడదామని సిద్ధపడే పోయాను. ఆయన తల ఎత్తి చూసి ఒక్కటే అడిగాడు.

‘అయితే నేను అడ్డం పోలేదా సార్?’

‘లేదప్పా. నువ్వు ఓరనే పోతా ఉన్నావు. రాజమ్మ సూసింది.’

ఆయన తల ఊపాడు. మళ్ళీ మళ్ళీ ఊపాడు. కాలు పోయిన దానికి ఏడవలేదు సార్, అన్నాడు. ఆ జీపులో ఆడవాళ్ళకు నా వల్ల దెబ్బలు తగిలినాయే అని ఇన్నాళ్ళూ ఏడ్చినా, అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

కమరున్నీసా చంకకర్ర అందించింది. ఆయన లేచి సర్దుకున్నాడు. ఎప్పుడు ఎదురుపడినా, ఆసుపత్రి మంచం మీద ఉన్నప్పుడు కూడా, నాకు సలాం చెప్పకుండా ఉండింది లేదు. ఈరోజు చెప్పలేదు. ఇద్దరూ మెట్లు దిగి, రోడ్డు దాటి, బస్టాండు వైపు పోయారు.

నేనే చెయ్యెత్తాను. అప్పటికే ఆయన వీపు తిప్పి ఉన్నాడు.